కడిగేవాళ్ళ సంతకం

మా కారు ముదురు నీలం. ఆ రంగు ఎంచుకున్నదీ నేనే, కొన్నదీ నేనే, కాబట్టి ఎవరినీ తిట్టే వీలు లేదు. కొన్న మూడేళ్ళకి ఒక మిట్టమధ్యాహ్నం నేను పనిచేసే ల్యాబ్ బయట పార్కింగులో దాన్ని తేరిపార చూశాను. బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు, అన్నీ గుండ్రంగా. తలుపుల మీదా అంతే. ఆ రోజు నుంచి, రంగు మీద గాజులాంటి పొర వేసే సెరామిక్ కోటింగ్ అనే పురుగు నా బుర్ర తొలవడం మొదలుపెట్టింది.

నా బుర్రలో పురుగు దూరితే ఇంట్లో ఎవరికీ ప్రశాంతత ఉండదు. వారం రోజులు అవే వీడియోలు చూశాను, అన్నం తింటూ కూడా అవే మాటలు మాట్లాడాను. "వేయించెయ్, పీడా పోతుంది" అన్నాడు మా ఆయన. ఎవరి పీడో అడగలేదు.

మూడు షాపులు తిరిగాను. మొదటివాడు కోటింగ్ వేసిన రేకు మీద లైటర్ వెలిగించి, చూడండి కాలలేదు అన్నాడు. మా కారుకి ఎవరూ నిప్పు పెట్టరు బాబూ అని చెప్పి వచ్చేశాను. రెండోవాడు పదేళ్ళ గ్యారంటీ అన్నాడు. షాపు తెరిచి ఎన్నాళ్ళయిందంటే నాలుగు నెలలన్నాడు. మూడో షాపు ఒక ఆవిడది. నలభై దాటి ఉంటుంది, జుట్టు గుడ్డతో బిగించి కట్టుకుంది, మోచేతుల దాకా పాలిష్ మరకలు. మా ఇంట్లో ఆవిడకి పాలిషమ్మ అని పేరు పెట్టాను. ఆవిడ రేకులూ చూపించలేదు, కబుర్లూ చెప్పలేదు. టార్చి తీసుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఈ బండి ఎవరు కడుగుతారండీ?"

"మా మావయ్యగారు. రోజూ."

"రోజూనా?"

"వానొచ్చినా మానరు."

"పాత బనియన్‌తో, ఒకటే బకెట్టు, ఇలా గుండ్రంగా తిప్పుతూ?" అని గాల్లో చెయ్యి తిప్పి చూపించింది. అచ్చం మా మావయ్యగారి చెయ్యే. నేను తలూపాను. ఆవిడ టార్చి ఆర్పేసింది.

"ఈ గీతలన్నీ ఆయనవే. బండి మీద దుమ్ము బకెట్లోకి పోతుంది, బకెట్లోంచి బనియన్‌లోకి వస్తుంది, ఆ బనియన్‌తో మళ్ళీ రుద్దుతారు. గరుకు కాగితంతో రుద్దినట్టే."

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఒక పొర వేస్తే ఏడాది, రెండు పొరలైతే మూడేళ్ళు. ఏది వేసినా కింద ఉన్న గీత పొర అడుగున అలాగే ఉండిపోతుంది కాబట్టి ముందు మెషీన్‌తో గీతలన్నీ తీసెయ్యాలి. తీసినప్పుడల్లా రంగు పైపొర కొంచెం అరుగుతుంది. "మాటిమాటికీ తీస్తే చివరికి రేకే మిగులుతుంది. అందుకే నా దగ్గర వారంటీ కార్డు మీద ఓనరు సంతకం పెట్టించుకోను. కడిగేవాళ్ళది పెట్టించుకుంటాను. పది రోజుల తర్వాత తీసుకురండి. అప్పటిదాకా ఎవరినీ బండి తుడవనివ్వకండి" అంది.

రెండు పొరలకి ఒప్పుకుని వచ్చాను. ఎంచుకోవడం తేలికే. ఇంటికెళ్ళి మావయ్యగారికి చెప్పడం ఎలాగో మాత్రం తెలియలేదు.

మా మావయ్యగారు ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు. "నా చేతిలో బండికి ఒక్క గీత పడలేదు" అనేది ఆయన మాట. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు, గ్యాస్ బండ తెచ్చినతనికి కూడా. రెండేళ్ళ కిందట మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన వారంలోనే, "ఊరికే తిని కూర్చోవడం నాకు చేతకాదమ్మా, ఏదైనా పని ఉంటే చెప్పు" అన్నారు. నాకేం చెప్పాలో తోచక కారు చూపించాను. అంతే, మర్నాటి నుంచి బకెట్టు చప్పుడే మాకు అలారం. కడగడం అయ్యాక గుమ్మంలో కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపుకుని, "అమ్మాయీ, కాఫీ" అంటారు. ఆ పిలుపులో ఎంత హక్కు ఉంటుందో చెప్పలేను. ఆ కాఫీ తను సంపాదించుకున్న కాఫీ. దాన్ని ఆయన చేతిలోంచి లాక్కోవడం నా వల్ల కాలేదు. నిజం చెప్పాలంటే భయం వేసింది.

"గీతలు ఎందుకు పడ్డాయట?" అని ఆయనే అడిగారు.

"ఎండ వల్లనట మావయ్యగారూ."

నేను రక్తపరీక్షలు చేసే మనిషిని. ఎదుటివాళ్ళ మొహం చూడకుండా ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసివ్వడం నా ఉద్యోగం. ఇంట్లో మాత్రం నోరు తెరవగానే అబద్ధం వచ్చేసింది.

దాని ఫలితం మర్నాడే తెలిసింది. ఎండ మీద ఆయన యుద్ధం ప్రకటించారు. చల్లబరచడానికని సాయంత్రం కూడా కడగడం మొదలుపెట్టారు. ఆపండంటే, "నీకెందుకమ్మా శ్రమ, నేనున్నాగా" అన్నారు. మూడోరోజు పాత కర్టెన్లు రెండు కలిపి కుట్టి కారు బానెట్‌కి ముసుగు వేశారు. పొద్దున్నే ఆ ముసుగుని దుమ్ముతో సహా ఆ చివర్నుంచి ఈ చివరికి బరబరా లాగుతుంటే, కిటికీలోంచి చూస్తూ నేను పళ్ళు కొరుక్కున్నాను.

"నాన్నకి నిజం చెప్పెయ్యి" అన్నాడు మా ఆయన.

"మీ నాన్నేగా, మీరు చెప్పండి."

"ఎండ అన్నది నువ్వు కదా."

పదో రోజు దాకా ఇద్దరం ఒకరినొకరు ముందుకి తోసుకున్నాం. ఎవరమూ చెప్పలేదు.

కారు ఇచ్చి వచ్చేరోజు మావయ్యగారు కూడా బయల్దేరారు. పాలిషమ్మ షాపులో కప్పుకి వరసగా తెల్లటి లైట్లు, కింద తడినేల, ఒక తీగ మీద ఆరేసిన పాలిష్ స్పాంజీలు. కారుని లైట్ల కింద పెట్టగానే గీతలన్నీ ఒక్కసారి పైకి తేలాయి. "పది రోజుల్లో ఇంకా పెరిగాయే" అంటూ ఆవిడ నా వైపు చూసింది. నేను మావయ్యగారి వెనకాల నిలబడి, చెప్పొద్దని చేతులతో బతిమాలాను. ఆవిడ నోరు మూసుకుంది.

మావయ్యగారు మాత్రం టార్చి అడిగి తీసుకున్నారు. బానెట్ చూశారు, తలుపులు చూశారు. పక్కనున్న స్టూలెక్కి టాప్ మీద వెలుతురు వేశారు. అంచుల చుట్టూ గీతలే. మధ్యలో మాత్రం చాప వెడల్పున అద్దంలా నున్నటి నీలం. ఆయన స్టూలు దిగి, నేల మీద నిలబడి, టాప్ మీదకి చెయ్యి చాపారు. ఆయన పొట్టి మనిషి. వేళ్ళ చివర సరిగ్గా గీతలు ఆగినచోటే ఆగింది.

"అమ్మాయీ, ఎండ ఎక్కువగా పడేది ఎక్కడ?"

"టాప్ మీద" అన్నాను, వేరే దారి లేక.

"నా చెయ్యి ఎంతవరకు అందుతుందో ఎండకి ఎలా తెలిసింది?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన కోప్పడలేదు. టార్చి పాలిషమ్మ చేతికిచ్చి, బయటికెళ్ళి బస్టాపులో నిలబడ్డారు. బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా ముందుకెళ్ళి కూర్చున్నారు.

ఆ తర్వాత మూడు రోజులూ బకెట్టు మూల బోర్లించే ఉంది. మావయ్యగారు మేం లేచాకే లేచేవారు. "కాఫీ ఉంటే కొంచెం ఇస్తావా అమ్మా" అని అడిగేవారు. ఆ "ఉంటే" వినలేకపోయాను. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

నాలుగో రోజు పాలిషమ్మ ఫోన్ చేసింది. బండి తయారుగా ఉంది, కడిగే మనిషిని వెంటబెట్టుకు రమ్మంది. మావయ్యగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"నేనెందుకమ్మా? కోటింగ్ వేస్తే ఇక కడగక్కర్లేదని మీ ఆయన ఫోన్లో ఎవరికో చెబుతుంటే విన్నాను."

గీతల కన్నా ఆయన్ని ఎక్కువగా తొలిచేది ఇదన్నమాట. మా ఆయన ఎదురుగా ఉండుంటే ఆ పూట అయిపోయేవాడు.

"ఆయనకి కారులో పాటలు పెట్టుకోవడం తప్ప ఏమీ తెలియదు. కడగాలి మావయ్యగారూ, పద్ధతిగా కడగాలి. కడిగేవాళ్ళు సంతకం పెడితేనే ఆవిడ వారంటీ ఇస్తుంది. నేను పెట్టను. నాకు చేతకాదు, ఓపికా లేదు. మీరు రాకపోతే ఆ కార్డు అక్కడే ఉంటుంది."

ఆయన లేచి లోపలికెళ్ళారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు.

కారుని చూసి ఇద్దరం గుమ్మంలోనే ఆగిపోయాం. లోతైన నీళ్ళలా ఉంది ఆ నీలం. మావయ్యగారు చెయ్యి చాపబోయి, వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

పాలిషమ్మ ఒక పాత కారు తలుపుని బల్లకి ఆనించి ఆయనకి పాఠం చెప్పింది. రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. ముందు ఊరికే నీళ్ళు కొట్టి దుమ్ము వదిలించాలి. పై నుంచి కిందికి రావాలి. చెయ్యి తిన్నగా పోవాలి, గుండ్రంగా తిరగకూడదు. వారానికి ఒక్కసారి చాలు. ఇవాళ్టి నుంచి ఏడు రోజులు అసలు తడి తగలకూడదు. ఆయన ఒక్కొక్కటీ రెండుసార్లు అడిగి, తన చేత్తో చేసి చూపించి, తప్పు పోతే మళ్ళీ చేశారు. గంట పట్టింది. ఆవిడకి విసుగు రాలేదు, నాకే కాళ్ళు లాగాయి.

"నేను గీసినవి అన్నీ పోయాయా?" అన్నారు చివరికి.

"మీవన్నీ పోయాయి సార్. తలుపు హ్యాండిల్ కింద రెండున్నాయి, లోతుగా దిగాయి, తియ్యలేకపోయాను. అవి మీవి కావు. ఆవిడ ఉంగరానివి."

ఇద్దరూ నా చేతి వైపు చూశారు. ముందు నవ్వింది మావయ్యగారే. మూడు రోజుల తర్వాత ఆ నవ్వు వినడం. ఉంగరం ఉన్న చెయ్యి వెనక్కి దాచుకుని నేనూ నవ్వాను.

మావయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని వారంటీ కార్డు మొదటి నుంచి చివరిదాకా చదివారు. కడిగేవారు అని ఉన్నచోట పూర్తి పేరు రాసి, సంతకం పెట్టి, పక్కన టైం కూడా వేశారు. డ్యూటీ కాగితం మీద అలాగే వేసేవారట.

ఇంటికి నేనే నడిపాను. ఆయన నా పక్క సీట్లో కూర్చున్నారు. రెండు వీధులు దాటాక నా వైపు తిరిగారు.

"అమ్మాయీ, ఇంట్లో మనిషి తప్పు చేస్తే మొహం మీదే చెప్తారు. చుట్టం చేస్తేనే దాచిపెడతారు. ఎండ అన్నది అబద్ధమని తెలిసినప్పుడు, రెండేళ్ళయినా నేనింకా ఈ ఇంటికి చుట్టాన్నే అనుకున్నాను."

"తప్పయింది మావయ్యగారూ. మీరు చిన్నబుచ్చుకుంటారని భయపడ్డాను. చుట్టమనుకుని కాదు. పొద్దున్నే ఆ బకెట్టు చప్పుడు లేక ఈ మూడు రోజులూ ఇల్లు ఇల్లులా లేదు."

సిగ్నల్ పడింది, ఆగాను. పచ్చలైటు వచ్చింది, కదిలాను. ఆయన నా కాలి వైపు చూశారు.

"అయితే ఒకటి చెప్పనా?"

"చెప్పండి."

"నువ్వు క్లచ్ మీద కాలు తియ్యవు. బండి పరిగెడుతున్నంతసేపూ నీ కాలు దాని మీదే ఉంటుంది. అది అరిగిపోతుంటే ఈ సీట్లో కూర్చుని రెండేళ్ళుగా నా ప్రాణం పోతోంది."

"రెండేళ్ళుగానా? మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"కోడలివి కదా అని."

నేను క్లచ్ మీంచి కాలు తీశాను.

"ఇంకా ఏమైనా ఉన్నాయా మావయ్యగారూ?"

ఆయన సీటు కొంచెం వెనక్కి జరుపుకుని, కాళ్ళు చాపుకుని, "ఇల్లింకా దూరమేగా" అని మొదలుపెట్టారు.