ఎర్రజెండా లేని రోజు

మా కాలనీలో ఎవరింటికి వెళ్లినా అలమర అరల అంచుకు ఒక చెక్కపట్టీ కొట్టి ఉంటుంది, ఫిరంగి పేలినప్పుడు గిన్నెలు జారి పడకుండా. కొత్తగా వచ్చినవాళ్లు అందం కోసం అనుకుంటారు. మొదటి గాజుగ్లాసు పగిలాక వాళ్లూ వడ్రంగిని పిలుస్తారు. మా అమ్మ అయితే చప్పుడు మొదలవగానే లేచి, కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడేది. అద్దం పగలకుండా ఆపుతోందట! మంచం పట్టేదాకా ఆ పని మానలేదు.

ఆ గుండ్లు పడేది మా పాత ఊరి మీదే. నా చిన్నతనంలో యుద్ధం వచ్చిందన్నారు. సైనికుల శిక్షణకు స్థలం కావాలి, ఆరు నెలల్లో తిరిగి ఇచ్చేస్తాం అని ఊరంతా ఖాళీ చేయించి, మమ్మల్ని ఈ కాలనీకి తరలించారు. అమ్మ ఇల్లు కడిగి మరీ తాళం వేసింది. తాళంచెవి మెళ్లో తాడుకు కట్టుకుంది. యుద్ధం ముగిసింది, నా జుట్టు నెరిసింది, ఆ ఆరు నెలలు మాత్రం ఇంకా అవలేదు. మా ఇంటి గోడకు పెయింటుతో అంకె వేసి, తలుపు తన్ని లోపలికి దూరి కాల్చడం ఎలాగో కుర్ర సిపాయిలకు అక్కడే నేర్పుతున్నారు. కంచే చేను మేస్తుంటే ఇంకెవరితో చెప్పుకోవాలి?

ఇంత కడుపుమంట ఉన్నదాన్ని, వాళ్లకు జెండాలు కుట్టిపెట్టేది కూడా నేనే. దర్జీని. మందపాటి గుడ్డ కుట్టగల మిషను ఈ చుట్టుపక్కల నా ఒక్కదాని దగ్గరే ఉంది. కాల్పులున్న రోజు, పాత ఊరి చుట్టూ వేసిన కంచె గేటు పక్కనున్న స్తంభానికి ఎర్రజెండా ఎగరాలి. అది ఎగరకుండా ఒక్క గుండు కూడా పేల్చకూడదు. అది వాళ్లు పెట్టుకున్న రూలే. మొన్నటి గాలివానకు ఉన్న జెండా కాస్తా పీలికలైంది. కొత్తది కుట్టమని నాకు గుడ్డ ఇచ్చి వెళ్లారు. కుట్టడం పూర్తయిన సాయంత్రమే అమ్మ పోయింది.

అమ్మ అడిగింది ఒక్కటే, నాన్న పక్కన పడుకోబెట్టమని. మేం ఊరు వదలకముందే పోయిన నాన్న ఆ కంచె లోపలే ఉన్నాడు. “మీ శ్మశానం జోలికి మాత్రం రాం” అని ఆనాడు మాటిచ్చారు. తమ్ముడు అప్పటికప్పుడు ఆ కాల్పులు చూసే మేజరు దగ్గరికి పరుగెత్తి, ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

“ఏమన్నాడ్రా?”

“రేపు కాల్పులున్నాయంట అక్కా. కాలనీలో శ్మశానం ఉందిగా, అక్కడ కానిచ్చెయ్యండి అన్నాడు.”

“అమ్మ కోరిక చెప్పావా?”

“చెప్పకేం! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పైగా, పొద్దున్నే జెండా పంపమని మీ అక్కకు చెప్పు అన్నాడు.”

ఒళ్లు మండిపోయింది. మా అమ్మకు ఆరడుగుల నేల లేదు గానీ జెండాకు తొందరట! మిషను మీదున్న జెండా తీసి అమ్మకు కాళ్ల నుంచి మెడ దాకా కప్పాను.

“ఇదేంటక్కా?”

“పొద్దున్నే కావాలన్నాడుగా. పట్టుకెళ్దాం పద.”

తెల్లవారాక అమ్మను మోసుకుంటూ గేటు దగ్గరికి వెళ్లాం. వెనక కాలనీ అంతా వచ్చింది. గేటు సిపాయి చేతులు అడ్డం పెట్టాడు.

“ఆగండి, లోపలికి పోకూడదు.”

“ఆ బోర్డు మీద ఏముందో చదువు బాబూ.”

“ఎర్రజెండా ఎగురుతున్నప్పుడు ప్రవేశం లేదు.”

“ఎగురుతోందా?”

అతను బోడి స్తంభం వైపు చూసి, బుర్ర గోక్కుని, ఫోను అందుకున్నాడు. జీపులో మేజరు ఊడిపడ్డాడు.

“ఏమ్మా, బెదిరిస్తున్నావా?”

“ఫిరంగులు మీ దగ్గర పెట్టుకుని, బెదిరించేది నేనా?”

“జెండా ఇచ్చేసి పక్కకు తప్పుకో.”

“అమ్మ మీదుంది. లాక్కోండి.”

లారీల్లోంచి దిగిన కుర్ర సిపాయిలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్లందరి ఎదుట శవం మీది గుడ్డ లాగడానికి అతనికి చెయ్యి రాలేదు. “సరే, గబగబా కానిచ్చుకుని వచ్చెయ్యండి” అని గేటు తీయించి, మా వెనకే నడిచాడు.

నాన్న సమాధిరాయి సగమే ఉంది. ఆ సగం నిండా తూటా కంతలు. కొన్ని పాతబడి నాచు పట్టాయి, కొన్ని నిన్నమొన్నటివి. రాయి మీద, మా ఇంటి గోడకు వేసినట్టే, పెయింటుతో అంకె. గురి నేర్చుకోవడానికి మా నాన్న దొరికాడు వీళ్లకు! ఏటా నాన్న సమాధి చూడ్డానికి వస్తే, జెండా లేని రోజైనా, మమ్మల్ని కంచె బయటి నుంచే చూసుకుని పొమ్మన్నది ఎందుకో అప్పుడు తెలిసింది. తమ్ముడు అక్కడే కూలబడి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు, పళ్లు పటపట కొరికాను.

“జోలికి రామన్నారుగా?”

“నేనొచ్చేసరికే అలా ఉందమ్మా.”

“ఈ కొత్త కంతలు కూడానా?”



గొయ్యి తవ్వుతుంటే మట్టి కన్నా ఇనపముక్కలే ఎక్కువ వచ్చాయి. వాటిని ఏరి అవతల పారేశాం. అమ్మ మెళ్లోని తాళంచెవిని ఆమె గుప్పిట్లోనే పెట్టి, ఆ జెండాతోనే చుట్టి, నాన్న పక్కన దింపి మట్టి కప్పాం. చివరి పారెడు మట్టి పడ్డాక మేజరు దగ్గరికొచ్చి మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, మరి జెండా...”

“లోపలుంది. కావాలంటే తవ్వి తీసుకోండి.”

అతను స్తంభం వైపు, ఊరికే నిలబడ్డ ఫిరంగుల వైపు చూశాడు. “అది సరే గానీ, ఇంకోటి ఎప్పటికి కుట్టి ఇస్తావు?” అన్నాడు.

నేను చేతుల మట్టి దులుపుకున్నాను.

“ఆరు నెలల్లో ఇచ్చేస్తాను” అన్నాను.