కొంగ మార్కు పడవ

ఆశీర్వాదం పడవ పొడవు పద్నాలుగు అడుగులు. దాని గురించి అతను చెప్పే మాటల పొడవు కొలిస్తే మాత్రం కంభం చెరువు కట్ట మీద మొదలై బేస్తవారిపేట బస్టాండు దాకా పోతుంది.

చెరువు అంచున ఉన్న ఆ పల్లెలో చేపలు పట్టే ఇళ్ళు ఎనిమిది. ఏడిళ్ళవాళ్ళు గుండ్రటి పుట్టి పడవల్లో కూర్చుని గిరగిరా తిరుగుతుంటే, ఆశీర్వాదం ఒక్కడే ఆరేళ్ళ కిందట మార్కాపురం పోయి ఫైబరు పడవ తెచ్చుకున్నాడు. దాని పక్కభాగం మీద తెల్లకొంగ బొమ్మ. కంపెనీ పేరు ఎవరికీ నోరు తిరగక కొంగ మార్కు పడవ అన్నారు.

మొదటి ఏడే రంగు ఊడింది. కొంగ కాళ్ళు పోయి, ఒట్టి ముక్కూ మెడా మిగిలాయి. చెరువులో చేపలకి ఆ రంగు తియ్యగా ఉందనీ, తెల్లవార్లూ నాకుతున్నాయనీ ఆశీర్వాదం చెప్పాడు. రెండో ఏడు కూర్చునే పలక రెండు ముక్కలైంది. ముప్ఫై కిలోల బొచ్చె చేప ఎగిరొచ్చి తన పక్కన కూర్చుందనీ, దిగమంటే దిగకుండా అవతలి గట్టు దాకా సవారీ చేసిందనీ చెప్పాడు. ఆ తర్వాత తాడు కట్టే కొక్కెం ఊడొచ్చింది. కొంగ మార్కుకి పౌరుషం ఎక్కువ, కట్టేస్తే ఊరుకోదు అన్నాడు. జనం నవ్వారు. అయినా పొద్దున్నే కట్ట మీద నిలబడి అతను ఎటు చెయ్యి చూపిస్తే అటే ఎనిమిదిళ్ళవాళ్ళూ పోయి వల వేసేవాళ్ళు. కోతలు కోసే నోరు అతనిదే, చేపని పసిగట్టే చెయ్యీ అతనిదే. నోటిని నమ్మకపోయినా చేతిని నమ్మేవాళ్ళు.

పోయిన ఎండాకాలం చెరువు అడుగంటింది. బోర్లు ఎండాయి. రోజు మార్చి రోజు ట్యాంకరు వచ్చేది. బిందెలూ డ్రమ్ములూ మనుషులకే చాలలేదు, ఇక గేదెలకి ఎక్కడివి? ఆశీర్వాదం తన పడవని రెండు బండరాళ్ళ మీద, ముందొకటి వెనకొకటి పెట్టి, ట్యాంకరు పైపు అందులో వదిలాడు. అంచుల దాకా నింపించాడు. కింద అరచెయ్యి పెట్టి, చుక్క కారితే మీసం తీసేస్తానన్నాడు. కారలేదు. రెండు నెలలపాటు ఎనిమిదిళ్ళ గేదెలూ ఆ పడవలోనే తాగాయి. ఆ ఉపాయానికి ఊరు ఊరంతా మెచ్చుకుంది. బయట నీళ్ళని ఆపేది లోపల నీళ్ళని ఆపదా అన్నారు.

వానలు పడ్డాయి. చెరువు నిండింది. అక్టోబరులో ఒక పొద్దున, వేసిన వల తెస్తానని ఏబేలు ఆ పడవ అడిగి తీసుకుపోయాడు. ఏబేలు ఆశీర్వాదానికి బామ్మర్ది, అతని పెళ్ళాం మార్తమ్మకి సొంత తమ్ముడు. మంచి లోతులో ఉండగా పడవ అడుగు నిలువునా పగిలింది. వలకి కట్టిన ప్లాస్టిక్ డబ్బాలు రెండు చంకల్లో ఇరికించుకుని గంటసేపు అరిచాడు. పుట్టిలో పోయి లాక్కొచ్చేసరికి పెదవులు నల్లబడి ఉన్నాయి. పడవని తర్వాత తాళ్ళతో ఈడ్చుకొచ్చారు.

గట్టెక్కి ఏబేలు అన్న మొదటి మాట, ఆ కొంగని తగలబెట్టమని. ఆశీర్వాదం వెంటనే, పడవకేం కాలేదు, నువ్వే దాన్ని బండకి కొట్టినావు అన్నాడు. నిజానికి అతనికి తెలియదు. ఆరేళ్ళ అలవాటు కొద్దీ నోరు అదే అనేసింది. అక్కడితో ఆగలేదు. నీ బరువుకి లారీ అయినా నడుం వంచుతుంది, చెరువు గట్టున పుట్టి ఈత రానోడివి నువ్వొక్కడివే అని కూడా అన్నాడు. ఏబేలు తడిబట్టలతోనే మీదికొచ్చాడు. నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి బావాబామ్మర్దులకి మాటల్లేవు, తిట్లు మాత్రమే ఉన్నాయి. మార్తమ్మ అసలు నోరే తెరవడం మానేసింది. మొగుడికి అన్నం పెట్టేటప్పుడు పళ్ళెం నేలకేసి కొట్టేది. ఆ చప్పుడుతోనే పల్లెకి ఆ ఇంట్లో భోజనాల వేళ తెలిసేది.

మిగతా ఏడిళ్ళవాళ్ళూ కలిసి ఈ సంవత్సరం ఫైబరు పడవలు తెప్పించుకోవాలని ముందే అనుకున్నారు. అన్నీ ఒకే లారీలో రావాలంటే ఒకే మార్కు కావాలి. అందరూ కొంగే అనుకుంటుండగా ఇట్లా జరిగింది. ఏబేలు గిద్దలూరు పోయి మొసలి మార్కు పడవల బొమ్మలున్న కాగితం తెచ్చి ఇంటింటికీ చూపించాడు. ఆదివారం తేల్చుకుందామన్నారు.

ఆశీర్వాదం కబురు పెడితే శుక్రవారం మార్కాపురం నుంచి కొంగ మార్కు దుకాణం మెకానిక్కు రాజ్ కుమార్ మోటారు సైకిలు మీద వచ్చాడు. పడవని బోర్లించి, మళ్ళీ తిప్పి, పగులు వెంట బొటనవేలితో రాసుకుంటూ పోయాడు. లోపల అంచుకి జానెడు కింద తెల్లటి గీత ఒకటి చుట్టూరా ఉంది. అదేమిటని అడిగాడు. ఆశీర్వాదం ఛాతీ విరుచుకుని ఎండాకాలం కథంతా చెప్పాడు. ట్యాంకరు, రెండు బండలు, గేదెలు, మీసం పందెం. రాజ్ కుమార్ మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు.

"పడవ నీళ్ళ మీదుంటే కింద అంతటా నీళ్ళే మోస్తాయి పెద్దాయనా. మీరు తల ఒక బండ మీద, తోక ఒక బండ మీద పెట్టి, నడిమిన టన్నుపైన బరువు పోసినారు. రెండు నెలలు ఎండలో. నడుం ఇరగదా మరి?"

ఆశీర్వాదం వంగి ఆ తెల్లగీత మీద వేలు పెట్టి చూశాడు.

"ఊళ్ళో నేను చెప్తే, దుకాణమోడు ఎప్పుడూ కొన్నోడిదే తప్పంటాడు అంటారు. మీరు చెప్తే నమ్ముతారు. చెప్పేదీ మానేదీ మీ ఇష్టం" అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆశీర్వాదం ఆ రోజంతా పడవ పక్కనే కూర్చున్నాడు. చెప్పకపోతే అంతా సులువే. కొంగ మోసం చేసింది, మొసలి తెచ్చుకుందాం అంటే చాలు. ఏబేలు చల్లబడతాడు. పళ్ళెం చప్పుడు ఆగుతుంది. కట్ట మీద చెయ్యి చూపించే పని తనకే ఉంటుంది. పేరు పోయేది పడవకి; దానికి నోరు లేదు. చెప్తే మాత్రం, మనిషిని ముంచేలా పడవని తానే పాడు చేసి, ఆ మునిగినవాడినే బండకి కొట్టావని తిట్టినవాడవుతాడు. అలాంటివాడి చెయ్యి చూసి రేపు ఎవడు వల వేస్తాడు?

శనివారం పొద్దున కొబ్బరి పీచూ ఇసుకా తీసుకుని పడవలోకి దిగి ఆ తెల్లగీతని తోమడం మొదలుపెట్టాడు. ఎక్కడి బోరు నుంచో ట్యాంకరు తెచ్చిన, పిల్లల పళ్ళకి గార పట్టించే నీళ్ళ గీత అది. మధ్యాహ్నం దాకా తోమినా చెక్కు చెదరలేదు. మార్తమ్మ గుమ్మంలో నిలబడి చూసి చూసి, ఇరవై రోజుల తర్వాత నోరు తెరిచింది.

"నా వంటగిన్నె ఒక్కటన్నా ఇట్ల తోమినావా ఎప్పుడైనా?"

అతను పీచు పక్కన పడేశాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎనిమిదిళ్ళవాళ్ళూ వలలు అల్లే కొట్టంలో కూర్చున్నారు. ఏబేలు మొసలి కాగితం మధ్యలో పరిచి, కొంగ అనే మాట ఎత్తినవాడు ముందు తనని చెరువులో పడేసి ఆ తర్వాత కొనుక్కోవాలన్నాడు. కొందరు ఆశీర్వాదం వైపు కోపంగా చూశారు. అందరిలో పెద్దవాడు పాపయ్య చుట్ట పక్కన పెట్టి, బండకి తగిలి పగిలిందా, పడవే నాసిరకమా, ఆ రెండిట్లో ఒకటి చెప్పమని ఆశీర్వాదాన్ని అడిగాడు.

ఆశీర్వాదం లేచాడు. అలవాటుగా నోట్లోకి ఒక వాలుగ చేప కథ వచ్చింది, ఆ చేప మీసాలు గిద్దలూరు దాకా సాగబోయాయి. మింగేశాడు.

"రెండూ కాదు. ఏబేలు ఏ బండకీ కొట్టలేదు. పడవలో తప్పు లేదు. దాని నడుం నేనే ఇరగ్గొట్టినా, గేదెలకి నీళ్ళు పోసి."

కొట్టం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. కొంగ పేరు నిలబెట్టడానికి ఇంతకన్నా పెద్ద కోత కోయలేడని ఒకరు, గేదెలు తాగితే పడవ విరిగిన ఊరు ఇదొక్కటేనని ఇంకొకరు అన్నారు. ఏబేలు మాత్రం నవ్వలేదు.

"ఇంకా ఆ కొంగనే మోస్తున్నావా, సిగ్గులేదా నీకు?" అన్నాడు.

ఆశీర్వాదం నవ్వులు ఆగేదాకా నిలబడి, అందర్నీ తన వాకిట్లోకి రమ్మన్నాడు. పడవని పోయిన ఎండాకాలం ఉన్నట్టే రెండు బండల మీద పెట్టించాడు. బిందెలతో నీళ్ళు మోసి తానే పోశాడు. ఎవరూ సాయం పట్టలేదు. ఇరవై బిందెలకే పగులు కింద నుంచి నీళ్ళు చిమ్మాయి. ముప్ఫైకి నడుం కిందికి జారి, బొటనవేలు దూరేంత సందు విడిచింది. బోర్లించి ఒంపేస్తే సందు మళ్ళీ మూసుకుంది. ఇంకోసారి పోశాడు. ఇంకోసారి విడిచింది. ఆ నీళ్ళ చప్పుడు విని ఏబేలు గేదె ఎక్కడి నుంచో నేరుగా వచ్చి, మనుషుల్ని తోసుకుని పడవలో మూతి పెట్టి తాగసాగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఏబేలు తన గేదెని కూడా అదిలించకుండా బావ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇరవై రోజులు నన్ను పడవ నడపడం రానోణ్ణి చేసినావు."

"చేసినా."

"తెలిసి చేసినావా?"

"అప్పుడు తెలీదు. మొన్న శుక్రవారం తెలిసింది."

"మరి శనివారం చెప్పలేదేం?"

ఆశీర్వాదం చేతిలోని ఖాళీ బిందె కింద పెట్టాడు.

"శనివారం గీత తోముతున్నాడులే" అంది వెనక నుంచి మార్తమ్మ.

పాపయ్య తేల్చి చెప్పాడు. పడవ తప్పు లేదు కాబట్టి కొంగే తెప్పించుకుందాం. ఒడ్డున ఉన్నంతసేపు ఏ పడవైనా బోర్లించే ఉండాలి. కట్ట మీద చెయ్యి మాత్రం ఇకనుంచి ఏబేలుది. ఆశీర్వాదం తల ఊపాడు. ఏబేలు మొసలి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు, చించలేదు.

డిసెంబరులో లారీ వచ్చింది. ఏడు కొంగలు దిగాయి, కాళ్ళతో సహా. ఎనిమిదోది ఆశీర్వాదం పాత పడవే; దుకాణం అతనికి కొత్తది ఇవ్వలేదు, అతనూ అడగలేదు. రాజ్ కుమార్ వచ్చి అడుగున లోపలా బయటా ఫైబరు పట్టీ వేసి పోయాడు.

పొద్దున కట్ట మీద ఏబేలు ఉత్తరానికి చెయ్యి చూపించాడు. చేపలు తూర్పున ఉన్నాయని ఆశీర్వాదానికి గాలిలోనే తెలిసింది. చెయ్యి భుజం దాకా లేచింది. ఎవరూ అటు చూడలేదు. ఆ చేత్తోనే తెడ్డు అందుకుని ఏడు పడవల వెనకాల ఉత్తరానికే తిప్పాడు.

"బావా" అని ముందు పడవలోంచి ఏబేలు వెనక్కి తిరగకుండానే కేకేశాడు. "నీళ్ళు బయటే ఉండనీ, లోపల పోయొద్దు."

ఏడు పడవలూ నవ్వాయి. ఆశీర్వాదం బదులు మాట కోసం చెరువు నడిమి దాకా వెతికాడు. దొరకలేదు. ఒకసారి వంగి అడుగు తడిమి చూశాడు. పొడిగా ఉంది.