నీళ్లలో నిలబెట్టిన శౌరయ్య

రోజూ పొద్దున్నే రావమ్మ బెజవాడ కాలవాఫీసు ఊడ్చి, గోడమీది ఫోటోలోంచి కారిన నీళ్లు తుడిచేది. అది తెల్లదొరల కాలంలో లాకు కట్టినప్పటి ఫోటో. గట్టు మీద కుర్చీలో దొర, కాలు మీద కాలేసుకుని. కింద నీళ్లలో, లాకు తలుపు ఎంత ఎత్తో తెలియడానికి నిలబెట్టిన మనిషి. దొరకి పేరు రాశారు. ఈయనకి ‘కూలి’ అని రాశారు. ఆయన రావమ్మ ముత్తాత శౌరయ్య.

కాలవకి నీళ్లొదిలితే ఫోటోలోనూ పెరిగేవి. గుమాస్తా హనుమయ్య ఎండలో లాకు దాకా నడవడం ఎందుకని అందులో నీటిమట్టం చూసే రిజిస్టరు నింపేవాడు.

“ఇవాళ మీ తాత మొల దాకా ఉన్నాడు రావమ్మా.”

మధ్యాహ్నం అందరూ ఆ ఫోటో కిందే క్యారేజీలు విప్పుకునేవాళ్లు. శౌరయ్య పెదవుల దాకా నీళ్లొచ్చిన రోజు కూడా ఎవరికీ ముద్ద అడ్డం పడలేదు. రావమ్మ మాత్రం మరియమ్మ తల్లిని తలుచుకుని గుడ్డ పిండేది.

డెబ్బై నాలుగులో లాకుకి కొత్త తలుపులు బిగించారు. ఇంజనీరు రామకోటేశ్వరరావు గారికి అచ్చం దొర ఫోటోలాంటిదే కావాల్సొచ్చింది. గట్టు మీద కుర్చీ వేయించుకుని, రావమ్మ మొగుడు ఇశ్రాయేలుని నీళ్లలో నిలబడమన్నారు. అతను లాకు తలుపులు ఎత్తి దించే రోజుకూలి లస్కరు. నిలబడితే పర్మనెంటు చేస్తానన్నారు.

“అక్కడ సుడి ఉందండి. మొన్న గేదెనే లాగేసిందండి,” అంది రావమ్మ.

“మీ తాత తొంభై ఏళ్లుగా నిలబడ్డాడు. ఎప్పుడన్నా నోరెత్తాడా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇంజనీరు గారు కిళ్లీ కాలవలోకి ఉమ్మారు. ఆ ఎర్రటి నురగలోకే ఇశ్రాయేలు దిగాడు. గుండెల లోతుకి వచ్చేసరికి కాళ్ల కింద ఇసుక జారడం మొదలైంది.

“కదలకు,” అన్నాడు ఫోటోగ్రాఫరు.

ఇంతలో ఆఫీసులోంచి హనుమయ్య వచ్చాడు. “అయ్యా, ఫోటోలో శౌరయ్య లేడండి. నీటిమట్టం ఏమని రాయమంటారు?”

శౌరయ్య అప్పటికే తడి గోచీతో లాకు మెట్లు దిగుతున్నాడు. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆయన నీళ్లలోకి వెళ్లి ఇశ్రాయేలు జబ్బ పట్టుకున్నాడు.

“చాల్లేరా మనవడా. పద.”

ఇద్దరూ గట్టెక్కారు.

“నిన్నెవడు రమ్మన్నాడ్రా?” అన్నారు ఇంజనీరు గారు.

“పెద్దాయన రమ్మన్నాడండి,” అన్నాడు ఇశ్రాయేలు.

మిగతా లస్కర్లని దిగమంటే ఒక్కడూ కదల్లేదు. చివరికి నీళ్లలో మనిషి లేకుండానే ఫోటో తీశారు. తరవాత వచ్చిన ప్రింటులో ఆ కొత్త తలుపు, ఇంజనీరు గారి మోకాలి వెనక కోళ్లగూటి తలుపంత కనిపించింది.

ఇశ్రాయేలు పేరు మాత్రం ఆ సాయంత్రమే కూలీల మస్టరులో కొట్టేశారు. ఇంటి దగ్గర రావమ్మ ఇద్దరికీ అన్నం వడ్డించింది. ఇశ్రాయేలు కూర్చున్నాడు. శౌరయ్య గోడవారగా నిటారుగా నిలబడే ఉన్నాడు.

“కూర్చో తాతా,” అంది రావమ్మ.

ఆయన మోకాళ్లు వంచడానికి చాలాసేపు పట్టింది.