తాళ్లబస్తీ ఫైసలా

కుతుబుద్దీన్ ఫైసలాదారు అయింది ఎనభై ఏడులో. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆయన గోదావరిఖనిలో ఒక గని లాంపు రూంలో పని చేస్తున్నాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ దీపం ఇవ్వడం, పైకొచ్చాక తీసుకోవడం ఆయన పని. షిఫ్టు అయిపోయాక ఒక్క దీపం తక్కువైనా ఇంటికి పోయేవాడు కాదు. ఆ మనిషి పైకొచ్చి ఎదురుగా నిలబడేదాకా అక్కడే కూర్చునేవాడు. అందుకే ఆయన పేరు చెబితే కార్మికులకు అంత నమ్మకం.

వాళ్ల కార్మిక సంఘంలో ఒక పాత నియమం ఉండేది. సంఘంలో తగువొస్తే తేల్చడానికి ఒక ఫైసలాదారు ఉండాలి, ఆయనను రెండేళ్లకోసారి సభ్యులే ఓట్లేసి ఎన్నుకోవాలి. నాయకులు పెట్టిన మనిషైతే నాయకుల మాట వింటాడు, మనం ఎన్నుకుంటే మన మాట వింటాడని పాతతరం వాళ్లు అనుకున్నారు. కానీ ఓట్లు వాటంతటవి రావు కదా. కుతుబుద్దీన్‌ను జీపులో కూర్చోబెట్టుకుని కాలనీ కాలనీ తిప్పింది సంఘం కార్యదర్శి రాజలింగు. గోడల మీద పేరు రాయించింది, మీటింగులు పెట్టించింది అతనే. గెలిచిన రోజు పూలదండ వేసి చెవిలో, "కాకా, ఇగ నువ్వు మనోడివి" అన్నాడు. ఆ సంతోషంలో కుతుబుద్దీన్ ఆ మాటను పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఆయన జీవితమే మారిపోయింది. చాయ్ హోటల్లోకి అడుగుపెడితే బెంచీ మీది వాళ్లు లేచి చోటిచ్చేవారు. పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చోబెట్టేవారు. భార్య హాజిరా నవ్వుతూ, ఇంట్లో మాట్లాడుకునే దక్కనీ ఉర్దూలో, మీ నడక కూడా మారిందని ఎత్తిపొడిచేది.

రెండేళ్లు గడిచాక ప్రతినిధుల ఎన్నికలొచ్చాయి. గని కార్మికులను ఇళ్లను బట్టి సర్కిళ్లుగా విభజించి, ఒక్కో సర్కిల్‌కు ఒక ప్రతినిధిని ఎన్నుకుంటారు. తాళ్లబస్తీ మొదటి నుంచీ ఒకే సర్కిల్. అందులో మూడు వందల మంది దాకా ఫిల్లర్లు, అంటే గనిలో బొగ్గును తట్టలతో టబ్బుల్లో నింపేవాళ్లు. వాళ్ల ప్రతినిధి మొగిలి. కుతుబుద్దీన్, మొగిలి ఒకే రోజు పనిలో చేరినవాళ్లు. పోయిన ఏడాది ఫిల్లర్ల సమ్మెను రాజలింగు మూడో రోజే ఆపేస్తే, నిండు మీటింగులో లేచి, "ఎవల్నడిగి ఆపినవే?" అని నిలదీసింది మొగిలి ఒక్కడే.

ఈసారి రాజలింగు సర్కిళ్ల కొత్త పటం గీయించాడు. తాళ్లబస్తీ మధ్యలోంచి రెండు గీతలు పోయాయి. ఒక ముక్కను వర్క్‌షాపు వాళ్ల కాలనీలో కలిపారు. ఒక ముక్క రైలు పట్టాల అవతలి క్వార్టర్లకు పోయింది. మిగిలింది పక్క గని సర్కిల్‌లో పడింది. ఎక్కడ చూసినా ఫిల్లర్లు కొద్దిమందే. ఏ సర్కిల్‌లోనూ తమ మనిషిని గెలిపించుకోలేరు.

ఫిల్లర్లందరూ వేలిముద్రలు వేసి కుతుబుద్దీన్‌కు ఫిర్యాదు ఇచ్చారు. ఆయన డ్యూటీ దిగి నేరుగా బస్తీకి పోయాడు. మొగిలి పటం పట్టుకుని వెంట నడిచాడు.

"గిది మా ఇల్లు. గీ దడికి అవతల మా తమ్ముని ఇల్లు. ఇద్దరం ఒక్క బావినీళ్లు తాగుతం. నా ఓటు వర్క్‌షాపుకాడ, వాని ఓటు పట్టాల అవతల. ఇదేం లెక్కనో నువ్వే చెప్పు కుతుబన్నా."

కుతుబుద్దీన్ బస్తీ అంతా తిరిగాడు. ఇది తప్పని తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. ఇంటికొస్తూ దారిలోనే ఫైసలా మనసులో రాసుకున్నాడు. పటం చెల్లదు, పాత సర్కిలే ఉండాలి.

మర్నాడు పొద్దున రాజలింగు ఇంటికొచ్చాడు. హాజిరా ఇచ్చిన చాయ్ తాగాడు. పిల్లల బాగోగులు అడిగాడు. లేవబోతూ అన్నాడు.

"దసరా పోయినంక నీ ఎన్నికున్నది. యాదికున్నదా కాకా? ఫిల్లర్లు మూడు వందలు. మిగిలినోళ్లు రెండు వేలు. నేనేమన్న అన్ననా? ఏమనలే. మా బావమర్ది మాత్రం ఆ కుర్చీ నాకియ్యమని పానం తీస్తున్నడు."

ఆ రోజంతా కుతుబుద్దీన్ లాంపు రూంలో దీపాలు ఇస్తూ, తీసుకుంటూ అదే ఆలోచించాడు. నేను పోతే ఆ బావమర్ది వస్తాడు. వాడొస్తే అన్నీ అన్యాయపు ఫైసలాలే. ఈ ఒక్కటీ వదిలేసి నేను ఉంటే రేపు పది మందికి మంచి చేయొచ్చు. ఆ ఆలోచన ఎంత సవ్యంగా కనిపించిందంటే, దాని కింద ఉన్న భయం ఆయనకే కనబడలేదు. చాయ్ హోటల్లో లేచి నిలబడే మనుషులు మాత్రం పదేపదే కళ్లముందు మెదిలారు.

ఆదివారం సంఘం ఆఫీసులో ఫైసలా చదివాడు. "సర్కిళ్లు గీసే అధికారం నియమాల ప్రకారం కార్యదర్శిది. అది న్యాయంగా ఉన్నదా లేదా చూసే అధికారం ఫైసలాదారుకు లేదు."

మొగిలి లేచి నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు మా బస్తీ తిరిగి చూసినవా లేదా?"

"చూసిన."

"మంచిది," అని తువ్వాల భుజాన వేసుకుని బయటికి నడిచాడు. అతని వెనకే అందరూ లేచిపోయారు.

మొగిలి ఓడిపోయాడు. దసరా తర్వాత కుతుబుద్దీన్ గెలిచాడు, పోయినసారి కంటే ఎక్కువ ఓట్లతో. తాళ్లబస్తీ నుంచి ఒక్క మనిషీ ఓటేయడానికి రాలేదు.

ఆ చలికాలంలోనే పోశం అనే ఫిల్లర్ జబ్బు చేసి దవాఖానలో చనిపోయాడు. భర్త బదులు తనకు గని పైన ఏదైనా పని ఇప్పించమని అతని భార్య ఐలవ్వ సంఘం చుట్టూ తిరిగింది. ఆమె కాగితం ముందుకు కదలాలంటే ఆమె సర్కిల్ ప్రతినిధి సంతకం కావాలి. ఐలవ్వ గుడిసె సరిగ్గా గీత మీద పడింది. వర్క్‌షాపు ప్రతినిధి నీ ఇల్లు నా కిందికి రాదన్నాడు. పట్టాల అవతలి ప్రతినిధీ అదే అన్నాడు. మొగిలి ఆమె వెంట రెండు ఆఫీసులూ తిరిగాడు కానీ, అతని సంతకానికి ఇప్పుడు విలువ లేదు.

చివరికి ఐలవ్వ కుతుబుద్దీన్ ఇంటికొచ్చింది. గడప దాటకుండా వాకిట్లోనే కూర్చుంది.

"నేను యే సర్కిలో జెర చెప్పు సాబు. ఆ గీత సరైందేనని నువ్వే చెప్పినవట గద."

ఆయన ఆ కాగితం తీసుకుని రాజలింగు దగ్గరికి పోయాడు. "చూద్దాం తీ కాకా," అన్నాడు రాజలింగు. మళ్లీ పోయాడు. మళ్లీ చూద్దామన్నాడు. ఈలోగా కాగితం ఇవ్వాల్సిన గడువు దాటిపోయింది. ఐలవ్వ గుడిసెకు తడక కట్టి, రామగిరి దిక్కున్న పుట్టింటికి కూలికి పోయింది. ఆ సంగతి లాంపు రూం కిటికీ దగ్గర ఎవరో ఇంకెవరికో చెప్తుంటే విన్నాడు కుతుబుద్దీన్. చేతిలోని దీపం ఎవరిదో ఏమిటో కాసేపు గుర్తు రాలేదు.

తొంభై ఒకటిలో మళ్లీ పటం వచ్చింది. తాళ్లబస్తీని ఈసారి నాలుగు ముక్కలు చేశారు. కుతుబుద్దీన్ ఈసారి గట్టిగా నిర్ణయించుకున్నాడు. కుర్చీ పోతే పోనీ, పటాన్ని కొట్టేయాలి. కానీ ఫిర్యాదు లేకుండా ఫైసలా ఉండదు. పది రోజులు ఆఫీసులో కూర్చుని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. పదకొండో రోజు తానే మొగిలి ఇంటికి పోయాడు.

మొగిలి మంచం వాల్చి కూర్చోమన్నాడు. నీళ్లిచ్చాడు.

"ఒక్క కాగితం రాసియ్యి మొగిలి. నీ ఒక్కని వేలిముద్ర చాలు. ఈసారి నేను..."

"నీ మీద కోపం లేదన్నా. పోశం పెండ్లాం పోయిన్నాడే కోపం సుత పోయింది." అన్నాడు మొగిలి. "నువ్వు ఇయ్యాల మంచిగనే అనుకుంటున్నవ్. రేపు పొద్దున ఎవడో ఒకడు వచ్చి మీ ఇంట్ల చాయ్ తాగుతడు. ఇగ కత మొదటికే. మావోళ్లను మల్ల ఆ ఆఫీసు మెట్లెక్కియ్య నేను."

కుతుబుద్దీన్ గ్లాసు మంచం కింద పెట్టి లేచాడు. మొగిలి మర్యాదకు వీధి చివరిదాకా తోడొచ్చాడు.

ఇంటికి రాగానే ఫిర్యాదు ఇచ్చారా అని హాజిరా అడిగింది. ఇవ్వలేదని తల అడ్డంగా ఊపి, చెప్పులు విప్పకుండానే గడప మీద కూలబడ్డాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. "వాళ్లకిప్పుడు నా ఫైసలాతో పనే లేదు," అన్నాడు.