బావ పక్కన రాణి వేషం

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం, కోడుమూరు దగ్గరి ఒక ఊళ్లో రైతులు నాటకం పట్టారు. పద్యాలు నేర్పి హార్మోనియం వాయించడానికి కడప నుంచి సుందరం మాస్టరును పిలిపించుకున్నారు. రాజు వేషం నరసన్నది. గొంతు అంతంత మాత్రమే గాని ఖర్చంతా వాళ్ల నాయనది, ఇక రాజు కాక ఏమవుతాడు? తీరా ఆట దగ్గరపడ్డాక, రాణి వేషానికి బళ్లారి నుంచి రావలసిన ఆమె జ్వరమని కబురు పంపింది.

నరసన్న పరుగున మేనమామ ఇంటికి పోయాడు. మామ కూతురు సుంకులుకు పదహారేళ్లు. శ్రావణంలో వాళ్లిద్దరికీ పెళ్లి. పద్యాలు నేర్పే కొట్టం పక్కిల్లే గనుక, విని విని అవన్నీ ఆమెకు నోటికొచ్చేశాయి.

"నువ్వే వేషం కట్టల్ల సుంకులూ. లేకుంటే ఊళ్లో నా పరువు పోతాది," అన్నాడు.

తల్లి మద్దమ్మ ససేమిరా అంది. "ఆడపిల్ల మొగానికి రంగు పూసుకుంటే రేపు ఎవురు చేసుకుంటారు నాయనా?"

"చేసుకునేది నేనే గదత్తా!"

పెద్దలు కూడి వరస చూశారు. సొంతూరి పిల్ల అన్న వరసవాడికి పెళ్లాంగా నిలబడితే తప్పు గాని, బావ పక్కన నిలబడితే తప్పేముందని తేల్చారు. వరస కుదిరితే చాలు, మన ఊళ్లల్లో ధర్మం దానంతటదే కుదురుకుంటుంది.

సుంకులుకు లోపల్లోపల ఒకటే సంతోషం. పాడాలన్న కోరికా బావను కట్టుకోవాలన్న కోరికా ఒక్క పందిట్లోనే తీరుతున్నాయనుకుంది, పిచ్చిపిల్ల.

ఆట నాడు ఆమె శోకపద్యం ఎత్తుకుంటే చంటిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. ముగించగానే "వన్స్ మోర్!" అని ఒకటే కేకలు. మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. ఆ తర్వాత నరసన్న గొంతు సవరించుకుంటే, "నువ్వు కూచోప్పా, పాపను పాడనీ!" అని ఎవడో అరిచాడు. ఊరంతా గొల్లుమంది. కిరీటం కింద నరసన్న మొహం మాడిపోయింది.

వారం తిరక్కముందే నరసన్న తల్లి వచ్చి సుంకులు వాళ్ల గడప బయటే నిలబడింది. "నలుగురూ ఈలలేసిన పిల్లను కోడలని ఎట్ల పిల్సుకునేది?" అనేసి పోయింది.

సుంకులు ఆగలేదు. నేరుగా కళ్లంలో ఉన్న నరసన్న దగ్గరికి పోయింది.

"నువ్వే గదా బావా రమ్మనింది?"

"నాటకానికి రమ్మంటి. ఇంటికి గాదు," అన్నాడు, తలెత్తకుండా.

ఏరు దాటి తెప్ప తగలెయ్యడమంటే ఇదే. వరస చూసిన పెద్దలు ఒక్కరూ నోరు మెదపలేదు. ఏం మనుషులో! ఆ తర్వాత వచ్చిన సంబంధాలన్నీ పొలిమేరలోనే తిరిగిపోయాయి. గడప తొక్కింది సుందరం మాస్టరు ఒక్కడే.

"పాపను మా నాటకాల కంపెనీకి పంపమ్మా. నా భార్య తోడుంటాది," అన్నాడు.

ససేమిరా అన్న మద్దమ్మే, పెళ్లికని కొన్న చీరలు ట్రంకుపెట్టెలో సర్దింది. తండ్రి దొడ్లోంచి ఇవతలికి రాలేదు.

బస్సు కోడుమూరు దాటాక సుంకులు కిటికీకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. సుందరం మాస్టరు మంచివాడే. మంచి కోరే చెప్పాడు.

"గట్టిగ ఏడవగాకమ్మా, గొంతు పోతాది. రేపు రాయచోటిలో ఆట ఉండాది. ఆడ ఏడుద్దువులే."