మిగిలిన నీలం

రంగుల బాబాయి డబ్బా మూత తెరిచి, అడుగున పేరుకున్న ముద్దను పుల్లతో కలుపుతున్నాడు. ఆకుపచ్చ. పైకి తేలిన నూనె మెల్లగా లోపలికి కలిసిపోతోంది. అతని గోళ్ల సందుల్లో ఏళ్లనాటి రంగులున్నాయి. నిచ్చెన మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి వాలింది.

ఆ సందులో తలుపులన్నీ నీలం. అదీ అతని చలవే. ఎప్పుడో ఒక బడికి రంగు వేసినప్పుడు మిగిలిన డబ్బాలను పారబోయడం పాపమని, ఇరుగుపొరుగు తలుపులన్నిటికీ తనే వేసి పెట్టాడు.

మొన్న ఆ నీలమే టీవీలో కనిపించింది. సందు చివర బట్టలు కుట్టే ఆమెకు క్షయ అని తేలింది. మందులు పనిచేస్తున్నాయని, ఇక ఆమె నుంచి ఎవరికీ అంటుకోదని ఆస్పత్రి నర్సు ఇంటింటికీ వచ్చి చెప్పి వెళ్లింది. ఆ మాట టీవీలో రాలేదు. మూసిన తలుపు చుట్టూ ఎర్రటి సున్నా గీసి, ‘నీలి తలుపు వెనుక మృత్యువు’ అని రోజంతా తిప్పి తిప్పి చూపించారు. ఇల్లు ఏదో చెప్పకపోవడంతో సందులో ప్రతి తలుపూ అదే అయి కూర్చుంది. పాలవాడు సందు మొదట్లోనే ఆగిపోయాడు.

అందుకే పొద్దున్నుంచీ బాబాయికి ఊపిరాడని పని.

"ఏ రంగైనా వెయ్ బాబాయ్, నీలం తప్ప," అన్నాడు సైకిల్ షాపతను. "మా బావమరిది ఫోన్ చేసి, బావా, బతికే ఉన్నావా అంటాడు. ఆగరా, టీవీలో చూసి చెప్తానన్నా!"

బాబాయి నవ్వాడు. నవ్వుతూనే సందు చివరికి చూశాడు. చుట్టూ తలుపులు పచ్చబడుతుంటే ఆ ఒక్కటీ మరింత నీలంగా కనిపిస్తోంది. టీవీవాళ్లు ఇల్లు ఏదో చెప్పలేదు. ఇప్పుడు సందులోకి ఎవరొచ్చినా ఇట్టే తెలిసిపోతుంది.

ఇంతలో ఆమే వచ్చింది. నోటికి గుడ్డ కట్టుకుని, దూరంగానే నిలబడింది.

"బాబాయ్, నా తలుపుకి కూడా ఓ చెయ్యి వేస్తావా? అది అలాగే ఉంటే ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నాడు ఇంటాయన."

"రంగు అయిపోయిందమ్మా. రేపు చూద్దాం."

డబ్బాలో రంగు సగానికి పైనే ఉంది. ఆమె డబ్బా వైపు చూసింది గానీ, అతని మొహం వైపు చూడలేదు.

"సరే బాబాయ్. నీ చొక్కా జేబు కుట్టేశాను."

"ఉండనీలే, తర్వాత తీసుకుంటా."

భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు ఆ సంగతి భార్యకు చెప్పాడు.

"ఆ చొక్కా ఇంట్లోకి తేకు," అంది ఆమె.

"అంటుకోదని నర్సమ్మ చెప్పిందిగా?"

"నర్సమ్మ ఒక్కసారి చెప్పింది. టీవీవాడు రోజంతా చెప్పాడు."

అతను దేవుడి పటం ముందు చేతులు జోడించాడు. అరచేతుల నిండా ఆకుపచ్చ. ‘అందరినీ చల్లగా చూడు స్వామీ’ అని రోజూ అనే మాట సగంలో ఆగిపోయింది. ఆ అందరిలో ఆమె లేదా? ఉంటే, రంగు అయిపోయిందని ఇందాక తను చెప్పింది ఎవరికి?

అన్నం సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. కానీ వెంటనే వెళ్లలేకపోయాడు. నలుగురూ చూస్తారని తక్కిన తలుపులు ముగించి ఇంటికి వెళ్లిపోయాడు. పొద్దు వాలాక, మిగిలిన డబ్బా, కుంచె పట్టుకుని సందు చివరికి నడిచాడు.

"ఎక్కడికి బాబాయ్? ఇందాకే వెళ్లిపోయిందిగా," అన్నాడు సైకిల్ షాపతను, చక్రం మీంచి తలెత్తకుండా. "మిషను తనే ఆటోలోకి ఎక్కించుకుంది. మేమంతా చూస్తూ నిలబడ్డాం."

నీలి తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. ఆ గొళ్లేనికి అతని చొక్కా వేలాడుతోంది. వేడినీళ్లలో ఉడికించి ఉతికినట్టుంది, ఇంకా సబ్బు వాసన పోలేదు. జేబు ఎక్కడ చిరిగిందో కనిపించకుండా, బట్ట రంగులో కలిసిపోయే దారం వెతికి మరీ కుట్టి ఉంది.