అమావాస్యకు ఆగిన పడవ

సోమశిల జలాశయం ఒడ్డున డేవిడ్‌రాజు పడవంత సుఖపడిన పడవ మరొకటి లేదు. నడిపేవాడు బాప్టిస్టు గనక ఆదివారం తిరగదు. సొంతదారు రామనారాయణకు అమావాస్య పట్టింపు గనక ఆ రోజూ తిరగదు. అమావాస్య ఆదివారం నాడు పడితే ఒక సెలవు కలిసిపోయిందని అవతలి గట్టు రైతులు సంబరపడేవాళ్లు.

ప్రతి అమావాస్యకూ రామనారాయణ ఆత్మకూరు నుంచి పొద్దుటి బస్సుకు దిగేవాడు. సంచిలో రెండు కొబ్బరికాయలు. ఒకటి పడవ ముందు కొట్టేవాడు. రెండోది కొట్టకుండా డేవిడ్‌రాజు చేతిలో పెట్టేవాడు. దేవుడికి కొట్టిన కాయ అతను తినడని ఆయనకు తెలుసు. డేవిడ్‌రాజు ఆ కాయను గట్టు రాయిమీద పగలగొట్టి ఒక చిప్ప ఆయనకిచ్చేవాడు. ఇక మధ్యాహ్నం దాకా కట్టేసిన పడవలో ఎదురెదురుగా కూర్చుని కొబ్బరి నములుతూ, ఈసారి తారు సరిగ్గా పూయలేదని ఒకరు, తెచ్చిన తారే మంచిది కాదని ఒకరు పోట్లాడుకునేవాళ్లు.

డేవిడ్‌రాజు ఇల్లు గట్టుమీదే, నాలుగడుగుల్లో ఉంది.

"ఇంట్లోకి రాండయ్యా, ఎండగా ఉండాది."

"పడవలో గాలి బాగుండాదిలేరా."

ఆ గాలి సంగతి ఇద్దరికీ తెలుసు. రామనారాయణ ఆ దళితుల పాలెం గడపలు తొక్కే మనిషి కాదు. పడవంటే తన సొంతం, అందులో కూర్చుంటే తన అరుగుమీద కూర్చున్నట్టే. లిదియమ్మ బతికున్నప్పుడు మొగుడి పిలుపు విని లోపల నవ్వుకునేది. ఆమె పోయాక ఆ నవ్వూ లేదు. ఒడ్డుకు వచ్చేవాళ్లంతా పడవకోసం వచ్చేవాళ్లే. డేవిడ్‌రాజు కోసం, అతనికి తిట్లు పెట్టడానికైనా సరే, వచ్చేది రామనారాయణ ఒక్కడే.

అయినా పడవ సొంతం చేసుకోవాలన్న కోరిక అతన్ని వదల్లేదు. అది లిదియమ్మ కోరిక కూడా. పడవ లీజుకిచ్చిన రోజే, గడువు తీరాక మిగిలిన ధర కడితే అది నీదేనని మాట అనుకున్నారు. తొంభై ఆరు ఎండాకాలంలో ఆ గడువు తీరింది. ఇద్దరూ ఆత్మకూరులో దస్తావేజుల రాయసగాడి దగ్గర కూర్చున్నారు. రామనారాయణ సంతకం పెట్టి, కలం మూత బిగించి, కాసేపు దాన్నే చూశాడు.

"ఇంక నీ పడవ, నీ ఇష్టంరా రాజూ. అమావాస్యకు గూడా ఏసుకో."

"మీరు రారా అయ్యా?"

"చూస్తాంలే," అన్నాడాయన, చెప్పుల కోసం వెతుక్కుంటూ.

డేవిడ్‌రాజు పడవ పక్కన తెల్లరంగుతో లిదియమ్మ పేరు రాయించాడు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశాడు. అందరూ బాగుందన్నారు. అతనికీ బాగానే ఉంది, అమావాస్య వచ్చేదాకా.

ఆ పొద్దున పడవ కట్టేసే ఉంచాడు. మేకపిల్లను చంకనెత్తుకుని వచ్చిన మస్తానమ్మకు ఒళ్లు మండింది.

"పడవ నీదే గదన్నా. నీకేంది అమావాస్య?"

"అలవాటైపోయిందిలేమ్మా. రేపు రా."

పడవ కడిగాడు. రామనారాయణ కూర్చునే పలకను మరీ మరీ తుడిచాడు. తుడుస్తుంటే తనకే సిగ్గేసింది, పెళ్లిచూపులకు ఇల్లు సర్దుతున్నట్టు ఏంది ఈ పని అని. బస్సు హారన్ వినపడగానే గట్టెక్కి నిలబడ్డాడు. దిగినవాళ్లలో ఆయన లేడు. కండక్టరు రాజమోహన్ కిటికీలోంచి సంచి చాపాడు.

"ఆత్మకూరు పెద్దాయన నీకిమ్మన్నాడు."

సంచిలో కొబ్బరికాయ ఉంది. ఒక్కటే.

"ఒళ్లు బాగలేదా ఆయనకు?"

"శుభ్రంగా ఉండాడు. బస్టాండు దాకా వచ్చినాడు. ఎక్కు పెద్దాయనా అన్నాను. ఇప్పుడది రాజు పడవ గదా, నేనేడ కూర్చునేది అన్నాడు."

బస్సు వెళ్లిపోయింది. డేవిడ్‌రాజు సంచి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఇన్నేళ్లు కష్టపడి తను కొన్నది పడవ అనుకున్నాడు. సంతకం పడిన నిమిషాన అది కూడా తన ఇల్లయిపోయింది. తన ఇంట్లోకి ఆయన రాడు. కోపమొచ్చింది, ఆయనమీద, ఆ సంతకం మీద. కోపం వెనకాలే ఏడుపొచ్చింది. ఆత్మకూరు ఎంత దూరం, తనే పోవచ్చు. పోతే మాత్రం ఆయన అరుగు కింద నిలబడి మాట్లాడాలి. ఎదురెదురుగా కూర్చోగలిగిన చోటు ఈ లోకంలో వాళ్లకు ఆ పడవొక్కటే ఉండేది.

గట్టు రాయిమీద కాయ పగలగొట్టాడు. పడవలో తన చోట కూర్చుని ఒక చిప్ప తిన్నాడు. రెండో చిప్ప ఎదుటి పలకమీద పెట్టాడు. దానికి చీమలు పట్టేదాకా అక్కడే కూర్చున్నాడు.